పిల్లల పళ్ళు పుచ్చకుండా ఇల్లు చేయవలసిన పని: మొదటి పన్ను నుంచి ఆరేళ్ళ దవడపన్ను వరకు

"మా అమ్మ పళ్ళూ పుచ్చాయి, నావీ పుచ్చాయి. నా కూతురికీ ఇంతేనా డాక్టరమ్మా?" అనంతపురంలో పిల్లల పళ్ళు చూస్తున్న ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. కర్నూలు, కడపల నుంచి కూడా తల్లులు ఇదే అడుగుతుంటారు. తప్పించుకోవచ్చు. అయితే పిల్ల చేతికి కొత్త బ్రష్షు ఇచ్చి తోముకోమన్నంత మాత్రాన పని జరగదు. ఐదేళ్ళ లోపు పిల్ల ఏం తినాలో, ఎప్పుడు తాగాలో, ఎవరు తోమాలో నిర్ణయించేది ఇంటి పెద్దలు. పన్ను పిల్లది, అలవాటు ఇంటిది.

కింది క్రమాన్ని మార్చకండి. చాలామంది తోమడంతో మొదలుపెట్టి రాత్రి పాలసీసాను అలాగే ఉంచేస్తారు. ఆరు నెలల తరువాత వచ్చి, "రోజూ తోముతూనే ఉన్నాం, అయినా పుచ్చింది" అని బాధపడతారు.

1. వంశం వాటా ఎంత, వంటింటి వాటా ఎంత

పంటిలో పురుగు అనేది లేదు. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని, పిండి పదార్థాన్ని తిని ఆమ్లాన్ని వదులుతాయి. ఆ ఆమ్లం పంటి మీది గట్టి పొర అయిన ఎనామెల్‌ను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. అదే పుచ్చు.

పుట్టుకతో వచ్చేవి కొన్ని ఉన్నాయి: ఎనామెల్ గట్టిదనం, దవడపళ్ళ గాడుల లోతు, లాలాజలం తీరు, పళ్ళ ఇరుకు. ఎనామెల్ సరిగా ఏర్పడని వంశపారంపర్య లోపమూ ఉంది, కానీ అది అరుదు. పన్ను వచ్చేటప్పుడే పసుపుగా, గరుకుగా, పెళుసుగా ఉండి, ఇంట్లో మేనరికాలు వరుసగా జరిగి ఉంటే ఆ సంగతి దంతవైద్యులకు చెప్పండి.

గర్భంలో జరిగేవి మరికొన్ని. పాలపళ్ళు గట్టిపడటం గర్భం నాలుగో నెల ప్రాంతంలో మొదలవుతుంది. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో, గర్భిణిగా తల్లికి సరైన తిండి దొరకని ఇళ్ళ పిల్లల్లో ఎనామెల్ పలచగా, గుంటలుగా ఏర్పడే అవకాశం ఎక్కువ. అలాంటి పన్నుకు తక్కిన పళ్ళకంటే త్వరగా పుచ్చు పడుతుంది.

తక్కినదంతా రోజువారీ అలవాటు. తల్లి నోటిలో పుచ్చు ఉంటే ఆ సూక్ష్మజీవులే ఎంగిలి ద్వారా బిడ్డ నోటికి చేరతాయి. ఇంట్లో బీడీ, సిగరెట్ పొగ పీల్చే పిల్లల్లో పుచ్చు ఎక్కువగా కనిపిస్తుంది. పేదింటి పిల్లల్లో ఎక్కువ కావడానికి నిర్లక్ష్యాన్ని కారణంగా చూపడం అన్యాయం. ఇద్దరూ కూలికి వెళ్ళే ఇంట్లో ఆసుపత్రికి రావడమంటే ఒక రోజు కూలి పోవడమే. చదువు రాని తల్లి పేస్టు పెట్టె మీది అంకెను ఎలా చదువుతుంది? ఉన్నవాళ్ళ ఇళ్ళలో వేరే రకం చూస్తున్నాను: ఫ్రిజ్ నిండా పండ్లరసం డబ్బాలు, ఏడవకముందే చేతిలో చాక్లెట్.

2. సిద్ధం కావడం: మూడు రోజుల చిట్టా

ఏదీ మార్చకముందు మూడు రోజులు రాసుకోండి. అందులో ఒకటి ఆదివారం కావాలి, ఎందుకంటే ఆదివారం తిండి వేరుగా ఉంటుంది. బిడ్డ నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ, వెళ్ళిన సమయమూ రాయాలి. నీళ్ళు తప్ప ఏదీ వదలకండి. చక్కెర పాలు, టీలో ముంచిన బిస్కెట్టు, దగ్గు మందు, అవ్వ పెట్టిన బెల్లం ముక్క, పక్కింటివాళ్ళు ఇచ్చిన లాలీపాప్ కూడా రాయాలి.

ఇవి దగ్గర పెట్టుకోండి:

- చిన్న తల, మెత్తని కుచ్చు ఉన్న బ్రష్షు (మూడు నెలలకోసారి, లేదా కుచ్చు విచ్చుకోగానే మార్చాలి)
- ఫ్లోరైడ్ (పంటిని గట్టిపరిచే ఖనిజం) ఉన్న పేస్టు, పెట్టె మీద పీపీఎం అంకె, అంటే ఫ్లోరైడ్ ఎంత ఉందో చెప్పే అంకె, కనిపించేది
- శుభ్రమైన మెత్తని నూలు గుడ్డ (ఇంకా పళ్ళు రాని బిడ్డకు)
- ఫోను టార్చి
- మూతి వెడల్పుగా ఉన్న చిన్న స్టీలు గ్లాసు
- మీరు తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో చెప్పే అంకె (7వ మెట్టు చూడండి)

3. పెదవి ఎత్తి చూడటం

నెలకోసారి, ఒక నిమిషం పని. బిడ్డ తలను మీ ఒళ్ళో ఆనించి పడుకోబెట్టండి. చూపుడువేలితో పైపెదవిని మెల్లగా ఎత్తి, పై ముందరి పళ్ళు చిగురుతో కలిసే చోట టార్చి వేసి చూడండి. తరువాత నోరు తెరిపించి దవడపళ్ళ పైభాగం చూడండి.

పై ముందరి పళ్ళనే ఎందుకు చూడమంటున్నానంటే, పాలసీసా వల్ల వచ్చే పుచ్చు అక్కడే మొదలవుతుంది. కింది ముందరి పళ్ళను నాలుక, లాలాజలం కొంత కాపాడతాయి.

- చిగురు పక్కన సున్నం గీసినట్టు తెల్లని చార: పుచ్చుకు మొదటి గుర్తు. గుంట ఇంకా పడలేదు. ఈ దశలో పట్టుకుంటే పళ్ళు తవ్వనవసరం లేకుండానే ఆపవచ్చు.
- పసుపు, గోధుమ రంగు మచ్చ, వేలికి గరుకు: గుంట మొదలైంది. ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి.
- చిగురు మీద చీము మొటిమ: పంటి వేరు దాకా పాకింది. నొప్పి లేకపోయినా ఆగకండి.
- కుడి, ఎడమ పళ్ళ మీద ఒకే తీరుగా అడ్డంగా తెల్లని గీతలు లేదా గోధుమ మరకలు, గుంట లేదు: ఇది ఫ్లోరోసిస్, అంటే ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళ్ళడం వల్ల పడే మరక, కావచ్చు. పుచ్చు కాదు, దీనికి దారి వేరు (7వ మెట్టు చూడండి).

4. పెద్దల నోరు ముందు

బిడ్డ వైద్యానికి వచ్చిన తల్లులను నేను ముందు అడిగేది, "మీ నోట్లో ఎన్ని పిప్పిపళ్ళున్నాయమ్మా?" అని. చాలామంది సిగ్గుపడి నవ్వుతారు. తల్లి నోటిలో తెరిచి ఉన్న గుంటలు నింపించడం, రోజుకు రెండుసార్లు తోముకోవడం బిడ్డకు చేసే వైద్యంలో భాగమే.

గర్భిణులకు పంటి వైద్యం కూడదన్న మాట తప్పు. నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు కూర్చోవడానికి కూడా సుఖంగా ఉంటుంది. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే గర్భంతో వచ్చేదేనని వదిలేయకుండా చూపించుకోండి.

అన్నం నమిలి బిడ్డకు పెట్టడం, చెంచాను నోట పెట్టి వేడి చూసి అదే చెంచాతో పెట్టడం, కింద పడిన పాలపీకను మీ నోట్లో పెట్టుకుని శుభ్రం చేయడం మానండి. వేడిని మణికట్టు మీద చూడవచ్చు. అయితే ఎంగిలి మానడం ఒక్కటే రక్ష కాదు. ఒకే ఇంట్లో ఉంటున్నప్పుడు సూక్ష్మజీవులు ఏదో విధంగా చేరనే చేరతాయి. వాటికి రోజంతా తీపి అందుతోందా లేదా అన్నదే అసలు సంగతి.

5. రాత్రి సీసా మాన్పించడం

ఈ మెట్టు మీదే ఎక్కువ సేపు ఆగుతాను. రెండు మూడేళ్ళ పిల్లల్లో నేను చూసే పుచ్చులో అతిపెద్ద భాగం ఇక్కడి నుంచే వస్తుంది.

నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గుతుంది. పళ్ళను కడిగేది, ఆమ్లాన్ని విరిచేది ఆ లాలాజలమే. చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయిన బిడ్డ పై పళ్ళు గంటల తరబడి తీపిలో నానుతుంటాయి.

మా ఇంట్లోనే ఇది జరిగింది. మా అబ్బాయికి 20 నెలలప్పుడు వాడి పైపెదవి ఎత్తి చూస్తే తెల్లచార కనిపించింది. నేను ఊరి పిల్లలందరి పళ్ళు చూసి ఇంటికి వచ్చేసరికి వాడు నిద్రపోతుండేవాడు. అత్తమ్మ ప్రేమతో రెండు చెంచాల చక్కెర వేసి సీసా ఇచ్చేవారు. ఆమె తప్పేమీ లేదు, అడగవలసింది నేను. ఆ వారం నుంచి ఇద్దరం కలిసి ఈ కింది పద్ధతిలో మాన్పించాం. చార పెరగకుండా అంతటితో ఆగిపోయింది.

పది రోజుల పద్ధతి (ఏడాది దాటిన పిల్లలకు):

- 1 నుంచి 3వ రోజు: చక్కెర సగం చేయండి. ఇంకేమీ మార్చకండి.
- 4 నుంచి 6వ రోజు: చక్కెర పూర్తిగా తీసేయండి. పాలను రాత్రి అన్నంతో పాటు గ్లాసుతో ఇవ్వండి. నిద్రవేళ సీసాలో సగం పాలు, సగం నీళ్ళు పోయండి.
- 7 నుంచి 9వ రోజు: సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు మాత్రమే.
- 10వ రోజు: సీసాను ఇంట్లోంచి తీసేయండి. మంచం పక్కన గ్లాసులో నీళ్ళు చాలు.

మొదటి మూడు నాలుగు రాత్రులు ఏడుస్తాడు. ఆ ఏడుపుకు లొంగి ఒక్క రాత్రి ఇచ్చినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే పండుగ, ప్రయాణం, జ్వరం లేని వారం ఎంచుకోండి. సీసా స్థానంలో ఇంకేదో పెట్టాలి: కథ, వీపు నిమరడం, జోల. కడుపు నిండని బిడ్డ నిద్రపోదు కాబట్టి రాత్రి భోజనం పప్పన్నమో, మెత్తని రాగి సంగటో గట్టిగా పెట్టండి.

తల్లిపాలు తాగే బిడ్డల విషయం వేరు. ఏడాది లోపు రాత్రి పాలు అవసరం, మానిపించకండి. రెండేళ్ళ వరకు, ఆ తరువాత కూడా తల్లిపాలు మంచివే. పళ్ళు వచ్చాక చేయవలసింది ఒకటే: బిడ్డ తాగడం ఆపి నిద్రలోకి జారగానే రొమ్ము తీసేయండి, తెల్లవార్లూ నోట్లో ఉంచకండి. పడుకునే ముందు పళ్ళు తుడిచి ఉండాలి.

తేనెలో ముంచిన పాలపీక ఎప్పుడూ వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె పళ్ళకే కాదు, ప్రాణానికీ ప్రమాదం.

6. తీపిని ఎన్నిసార్లో లెక్కపెట్టండి

ఇప్పుడు మీ మూడు రోజుల చిట్టా తీయండి. తీపి, బిస్కెట్టు, బ్రెడ్డు, చిప్స్, పండ్లరసం, తీపి మందు ఉన్న ప్రతి సమయం దగ్గర ఒక చుక్క పెట్టండి. రోజుకు ఎన్ని చుక్కలు?

తీపి నోట్లోకి వెళ్ళిన ప్రతిసారీ సుమారు అరగంట సేపు ఆమ్లం ఎనామెల్ మీద పనిచేస్తుంది. ఒకేసారి తిన్న రెండు ఓళిగలు ఒక చుక్క. అవే రెండు ఓళిగలు ముక్కలు ముక్కలుగా సాయంత్రం దాకా తింటే ఆరు చుక్కలు. భోజన వేళలు కాకుండా ఇంకెప్పుడూ చుక్క లేకుండా చేయడమే గమ్యం. రోజంతటికీ నాలుగు దాటకూడదు. రెండేళ్ళ లోపు పిల్లలకు విడిగా చక్కెర, బెల్లం కలపనే వద్దు.

బెల్లం మంచిది కదా అంటారు. పంటికి బెల్లం, తేనె, చక్కెర మూడూ ఒకటే. పిల్లలకు రాగి జావను బెల్లంతో కాక ఉప్పు, మజ్జిగతో అలవాటు చేయండి. చిన్నప్పుడే అలవాటైతే అడగరు. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే చిక్కీ భోజనంతో పాటే తినేయమనండి, జేబులో దాచుకుని కొరుక్కోవద్దని చెప్పండి. తిన్నాక రెండు గుక్కల నీళ్ళు పుక్కిలించి తాగాలి.

మధ్యలో ఆకలేస్తే పెట్టదగినవి: ఉడికించిన గుడ్డు, పెరుగు, జామ ముక్కలు, కీరదోస, నిన్నటి జొన్నరొట్టె. వేరుశనగలు మన నేల పంట, పళ్ళకు మంచివే. కానీ నాలుగేళ్ళ లోపు పిల్లలకు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. దంచి అన్నంలో కలపండి.

టీ పిల్లలకు ఇవ్వకండి. చక్కెరతో పాటు టీ ఆకులో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది, మన జిల్లాల్లో అది అదనపు భారం. అదెందుకో కింద చెబుతున్నాను.

7. మీ నీటి అంకె తెలుసుకుని పేస్టు ఎంచుకోండి

వేరే జిల్లాల వారి కోసం రాసిన సలహాలు మనకు యథాతథంగా పనికిరాకపోవడానికి కారణం నీరు. అనంతపురం జిల్లాలో, కడప, కర్నూలు జిల్లాల్లోని కొన్ని ప్రాంతాల్లో బోరునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. పక్కపక్క ఊళ్ళలోనే కాదు, ఒకే ఊరిలోని రెండు బోర్లలో కూడా తేడా ఉంటుంది. కాబట్టి "మా వైపు ఫ్లోరైడ్ ఎక్కువట" అన్న మాట చాలదు, మీరు తాగే నీటి అంకె కావాలి. నీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించవచ్చు. ఎలా పంపాలో గ్రామ సచివాలయంలో అడగండి.

భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ అంగీకారం. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. ఆ పైన ఉన్న నీటిని ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు ఏళ్ళ తరబడి తాగితే, చిగురు లోపల తయారవుతున్న శాశ్వత పళ్ళ మీద మరకలు, గుంటలు పడవచ్చు. గుంటలు పడిన పన్నులో పాచి నిలిచి అది పుచ్చవచ్చు కూడా.

అంకె 1 లోపు అయితే, లేదా మీరు ఆర్వో నీరు, క్యాన్ నీరు తాగుతుంటే: నీటి నుంచి బిడ్డకు అందే ఫ్లోరైడ్ తక్కువ. ఆర్వో యంత్రం దాన్ని చాలావరకు తీసేస్తుంది. మీ ఇంట్లో ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి.

అంకె 1.5 దాటితే: ముందు తాగే నీరు, వంట నీరు మార్చండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. గుడ్డ వడపోత, క్యాండిల్ ఫిల్టరు దాన్ని తీయలేవు. పేస్టు విషయం మీ నీటి అంకె చూపించి దంతవైద్యులతో నిర్ణయించుకోండి. ఆలోగా బియ్యపు గింజంత మించి వాడకండి, పూర్తిగా ఉమ్మించండి.

పేస్టంటే భయపడేవారు ఈ లెక్క చూడండి. 1000 పీపీఎం పేస్టు అంటే ఒక గ్రాములో 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపు గింజంత పేస్టు సుమారు గ్రాములో పదో వంతు, అంటే 0.1 మిల్లీగ్రాము. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరునీటిని బిడ్డ ఒక లీటరు తాగితే 3 మిల్లీగ్రాములు, దానికి ముప్ఫై రెట్లు. సరిదిద్దవలసింది ముందు బిందె, తరువాతే పేస్టు.

పేస్టు పరిమాణం:

- మొదటి పన్ను నుంచి మూడేళ్ళ లోపు: బియ్యపు గింజంత
- మూడు నుంచి ఆరేళ్ళు: పచ్చి బఠాణీ గింజంత
- ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్షు పొడుగునా ఎప్పుడూ వద్దు

8. తోమే పద్ధతి

పళ్ళు రాకముందు తడి నూలు గుడ్డతో చిగుళ్ళు తుడవండి. సుమారు ఆరో నెలలో మొదటి పన్ను కనిపించిన రోజు నుంచి బ్రష్షు.

ఏడెనిమిదేళ్ళ వరకు తోమవలసింది పెద్దవాళ్ళే. తన బూటు లేసు తానే చక్కగా ముడి వేసుకోగల పిల్లవాడి చేతికే బ్రష్షును పూర్తిగా అప్పగించవచ్చు. అప్పటిదాకా ఉదయం వాళ్ళు సరదాగా తోముకున్నా, రాత్రి మీరు తోమాలి. ఒక్కపూటే కుదిరే ఇల్లయితే అది రాత్రే కావాలి.

క్రమం:

1. బిడ్డ వెనుక నిలబడి తలను మీ పొట్టకు ఆనించుకోండి. రెండేళ్ళ లోపు బిడ్డనైతే ఒళ్ళో పడుకోబెట్టండి. పెనుగులాడే బిడ్డకు ఇద్దరు ఎదురెదురుగా మోకాళ్ళు ఆనించి కూర్చోండి: ఒకరి ఒళ్ళో తల, మరొకరి చేతుల్లో కాళ్ళు చేతులు.
2. ఎడమచేతి వేలితో పెదవి ఎత్తి పట్టుకోండి. ఇది చేయకపోతే చిగురు పక్క భాగం మిగిలిపోతుంది.
3. దవడపళ్ళతో మొదలుపెట్టండి. బిడ్డ ఓపిక మొదటి నిమిషంలోనే ఉంటుంది, పుచ్చే చోట్లకు దాన్ని ఖర్చు చేయండి.
4. బయటి వైపు, లోపలి వైపు, నమిలే వైపు చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. గట్టిగా అడ్డంగా రుద్దకండి. మొత్తం రెండు నిమిషాలు.
5. ఉమ్మించండి. వెంటనే నీళ్ళతో పుక్కిలించనివ్వకండి, మిగిలిన కొద్ది పేస్టే రాత్రంతా పంటిని కాపాడుతుంది.
6. తరువాత నీళ్ళు తప్ప ఏమీ నోట్లోకి వెళ్ళకూడదు. రాత్రి వేసే తీపి మందు తోమే ముందే వేయండి.

వేపపుల్ల పెద్దవాళ్ళ చేతిలో పనిచేస్తుంది, చిన్నపిల్లల దవడపళ్ళ లోపలికి అందదు, దానిలో ఫ్లోరైడూ లేదు. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు ఎనామెల్‌ను అరగదీస్తాయి.

9. బిడ్డ ఎవరి చేతిలో ఉంటే వారితో ఒప్పందం

మన జిల్లాల్లో చాలామంది పిల్లలను పెంచేది అవ్వతాతలు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు వెళ్ళేవాళ్ళు నెలల తరబడి పిల్లలను ఇంటి దగ్గర వదిలి వెళతారు. అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు పనులకు వెళ్ళేవాళ్ళున్నారు. కడప, రాయచోటి, రాజంపేట వైపు తల్లి కువైట్‌లో ఉంటే బిడ్డ అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. దూరంగా ఉన్న ప్రేమ చాక్లెట్ పెట్టెలుగా వస్తుంది. దాన్ని తప్పు పట్టే మనసు నాకు లేదు, దారి మార్చమని మాత్రమే అడుగుతాను.

అవ్వను "మీ వల్లే పుచ్చాయి" అన్న ఇంట్లో ఏ పద్ధతీ నిలవదు. ఇలా అడిగి చూడండి: "అత్తమ్మా, మీ చేతి తీపి వద్దనడం లేదు. అన్నం తిన్న వెంటనే పెట్టండి, మధ్యలో మాత్రం వద్దు. రాత్రి తోమడం మీకు అప్పగిస్తున్నాను, మీ మాటైతేనే వాడు వింటాడు." పని అప్పగిస్తే పెద్దవాళ్ళు దాన్ని గట్టిగా పట్టుకుంటారు. మా ఇంట్లో జరిగింది అదే.

ఊరు వదిలి వెళ్ళే ముందు:

- అవ్వ కళ్ళ ముందు ఒకసారి తోమి చూపించండి, ఆమె చేత ఒకసారి తోమించండి
- చదువు రానివారైతే బ్రష్షు మీద పేస్టు ఎంత వేయాలో నిజంగా ఒక బియ్యపు గింజ పక్కన పెట్టి చూపించండి
- మూడు నెలలకు సరిపడా బ్రష్షు, పేస్టు కొని పెట్టండి
- గోడ క్యాలెండర్‌లో రాత్రి తోమిన రోజు గీత పెట్టే పని బిడ్డకే ఇవ్వండి
- వీడియో ఫోనులో వారానికోసారి "పళ్ళు చూపించు నాన్నా" అని అడగండి
- బయటి నుంచి పంపే పెట్టెలో చాక్లెట్ సగం తగ్గించి రంగు పెన్సిళ్ళు, బొమ్మలు పెట్టండి. వచ్చిన చాక్లెట్ ఆదివారం భోజనం తరువాతే

అన్నం తింటే చాక్లెట్, ఏడుపు ఆపితే చాక్లెట్ అనే బేరం ఇంట్లో ఎవరూ చేయకూడదు. తండ్రులు ఇందులో ముందుంటారు. సాయంత్రం జేబులోంచి ఏదో ఒకటి తీయకపోతే తండ్రిని కానేమో అన్నట్టు బాధపడే వాళ్ళను చూశాను. జేబులోంచి జామకాయ తీసినా పిల్ల పరుగెత్తుకుంటూనే వస్తుంది.

10. ఆరేళ్ళ దవడపన్ను

సుమారు ఆరేళ్ళకు, పాలదవడపళ్ళకు వెనుక, పైనా కిందా రెండు వైపులా, ఒక్కో కొత్త పన్ను వస్తుంది. దానికోసం ఏ పాలపన్నూ ఊడదు, అందుకే చాలామంది దాన్నీ పాలపన్నే అనుకుని వదిలేస్తారు. అది శాశ్వత పన్ను, జీవితాంతం నమలవలసింది. గాడులు లోతుగా ఉంటాయి, సగం బయటికి వచ్చినప్పుడు బ్రష్షు అందదు.

ఐదున్నరేళ్ళ నుంచి నెలనెలా టార్చి వేసి వెనుక చూడండి. కనిపించగానే బ్రష్షును అడ్డంగా తిప్పి ఆ ఒక్క పంటినీ విడిగా తోమండి. పూర్తిగా బయటికి వచ్చాక గాడులను పూతతో మూయించడం గురించి దంతవైద్యులను అడగండి. పన్నును తవ్వకుండా, నొప్పి లేకుండా చేసే పని.

11. ఎక్కువగా చూసే తప్పులు, వాటికి సవరణ

పాలపళ్ళే కదా, ఊడిపోతాయని వదిలేయడం. వెనుక పాలదవడపళ్ళు పది పన్నెండేళ్ళ దాకా ఉండాలి. ముందే పోతే పక్కపళ్ళు ఒరిగి కొత్త పంటికి చోటు ఉండదు. నింపించండి, తీయక తప్పకపోతే ఖాళీని నిలిపే క్లిప్పు గురించి అడగండి.

నొప్పి తగ్గింది కదా అని ఊరుకోవడం. లోపలి నరం చచ్చిపోయినప్పుడు కూడా నొప్పి ఆగుతుంది, చీము మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

గుంటలో పొగాకు, నస్యం, మాత్ర ముక్క పెట్టడం. చిగురు కాలిపోతుంది. నేలవాకుడు కాయల పొగ పట్టించి పురుగులు తీశామనేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం కూడా ఇంతే, లేని పురుగు కోసం బిడ్డ నోరు కాల్చుకోవడమే. నొప్పికి బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన పారాసిటమాల్ ఇవ్వండి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు.

పెద్దబిడ్డకు పుచ్చితే వాడికి మాత్రమే వైద్యం చేయించి ఊరుకోవడం. అదే వంటిల్లు, అదే నీరు, అదే అలవాటు. తమ్ముణ్ణి, చెల్లెల్ని అదే రోజు చూపించండి.

"అల్లరి చేస్తే పళ్ళ డాక్టరు సూది వేస్తాడు" అని బెదిరించడం. తల్లిదండ్రుల భయమే పిల్లలకు వస్తుంది. ఆ మాటను ఇంట్లోంచి పూర్తిగా తీసేయండి.

12. ఎప్పుడు వెళ్ళాలి, ఏం తీసుకువెళ్ళాలి

మొదటిసారి చూపించవలసింది మొదటి పుట్టినరోజు లోపు, నొప్పి లేనప్పుడే. తరువాత ఆరు నెలలకోసారి. ఇంట్లో పుచ్చు ఎక్కువైతే మూడు నెలలకోసారి. అప్పుడు ఫ్లోరైడ్ వార్నిష్, అంటే పళ్ళ మీద పూసే ఫ్లోరైడ్ పూత, పూయించుకోవచ్చు.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో దంత విభాగాలున్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చినప్పుడు పళ్ళు కూడా చూస్తాయి. ఆ రోజు బిడ్డను తప్పక పంపండి, వాళ్ళు రాసిచ్చిన చీటీ పారేయకండి.

కొందరు పిల్లలకు పుచ్చు ఆపడానికి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూస్తారు. తవ్వకుండా పని జరుగుతుంది, కానీ పుచ్చిన చోటు నల్లబడి అలాగే ఉంటుంది. ముందే తెలిసి ఒప్పుకుంటే తరువాత గాబరా ఉండదు.

ఆ రోజే, అర్ధరాత్రయినా బయలుదేరవలసిన గుర్తులు: దవడ లేదా కంటి కింద వాపు, వాపుతో జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం, ఊపిరి ఇబ్బంది. తెల్లవారేదాకా ఆగకండి.

మామూలు రోజు వెళ్ళేటప్పుడు సంచిలో ఇవి ఉండాలి:

- మూడు రోజుల చిట్టా, చుక్కలతో సహా
- నీటి ఫ్లోరైడ్ అంకె రాసిన కాగితం
- ఇంట్లో వాడే పేస్టు పెట్టె
- బిడ్డ వాడుతున్న మందుల పేర్లు, పుట్టినప్పటి బరువు
- వీలైతే బిడ్డకు రోజూ అన్నం పెట్టే మనిషి, అంటే చాలా ఇళ్ళలో అవ్వ